అంట్ల కుళాయికి వేణ్ణీళ్ళెందుకు రావు?

మార్గశిరం వచ్చిందంటే చాలు, మా జూబ్లీహిల్స్ లో ఏ ఇద్దరు ఇల్లాళ్ళు కలిసినా ఒకటే చర్చ. మామూలు గీజరు చవకా, గ్యాస్ గీజరు చవకా? సోలార్ పెట్టించుకుంటే ఎన్నేళ్ళకి డబ్బులు తిరిగొస్తాయి? కొత్తగా ఏదో హీట్ పంప్ అంటున్నారు, అదెలా ఉంటుంది? జనవరి మొదటి వారం బిల్లు చేతికొచ్చేసరికి ఇంట్లో మగవాళ్ళు కూడా చర్చలో దిగుతారు. "ఇంత బిల్లేమిటి? రోజంతా గీజరు వేసే ఉంచుతున్నారా?" అన్న ప్రశ్న ఎవరి వైపు చూసి అడుగుతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్కలు నేనూ వేశాను. బీఏ తెలుగు చదివినదానికి కిలో క్యాలరీలతో పనేమిటి అనకండి, పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సైన్సు చదివించిన తల్లికి అన్నీ వస్తాయి. లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో క్యాలరీ కావాలి. కరెంటు యూనిట్ ఒకటి అంటే 860 కిలో క్యాలరీలు. పొద్దున్నే మన ట్యాంకులో నీళ్ళు 20 డిగ్రీలున్నాయనుకుంటే, 20 లీటర్ల బకెట్ ని 40 డిగ్రీలకి తేవడానికి 400 కిలో క్యాలరీలు పడుతుంది. మధ్యలో పోయే వేడి కూడా కలుపుకుంటే అర యూనిట్. మన పేటలో ఏసీ, రెండు ఫ్రిజ్జులు, మోటారు ఉన్న ఇళ్ళు చాలా మటుకు 400 యూనిట్లు దాటిన శ్లాబులోనే ఉంటాయి. అక్కడ యూనిట్ 9.50. అంటే గీజరుతో బకెట్ నీళ్ళు 4.75.

గ్యాసు సంగతి చూద్దాం. సిలిండరులో 14.2 కిలోలుంటుంది. కిలో గ్యాసు ఇచ్చే వేడి సుమారు 11,000 కిలో క్యాలరీలు. గ్యాస్ గీజరు అందులో ఓ ఎనభై శాతం నీళ్ళకి అందిస్తుంది కాబట్టి సిలిండరుకి మూడొందల పైచిలుకు బకెట్లు. సిలిండరు 900 చిల్లర అనుకుంటే బకెట్ మూడు రూపాయల లోపే. స్టవ్ మీద గిన్నె పెట్టి కాస్తే మూడున్నర. హీట్ పంప్ బయటి గాలిలో వేడిని లాగి నీళ్ళకిస్తుంది కనుక కరెంటు మూడో వంతే, అంటే బకెట్ రూపాయిన్నర పైన. కాకపోతే పెట్టుబడి ఎక్కువ. సోలార్ కి రోజువారీ ఖర్చు లేదు, మన ఊళ్ళో చలికాలం ఎండ బాగానే కాస్తుంది. అయితే మేడ మీద చోటు మనదై ఉండాలి, బోరు నీళ్ళ ఉప్పు గొట్టాల్లో పేరుకోకుండా చూసుకోవాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. చవక కదా అని గ్యాస్ గీజరుని కిటికీ లేని బాత్రూములో పెట్టొద్దు. అది వదిలే కార్బన్ మోనాక్సైడుకి వాసనా రంగూ ఉండవు. స్నానానికి వెళ్ళిన మనిషి అక్కడే పడిపోతాడు. ఆ మిషను బయట గోడకి ఉండాలి, వేణ్ణీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి రావాలి.

సరే, లెక్కంతా అయింది. ఇందులో ఏం లేదో గమనించారా? ఇవన్నీ స్నానాల లెక్కలు. మన చర్చల్లో, మన ఇళ్ళ ప్లానుల్లో, ప్లంబరు గోడలో వేసిన గొట్టాల్లో కూడా వేణ్ణీళ్ళంటే స్నానమే. పొద్దున ఆరున్నరకి వచ్చి, యుటిలిటీలో నిలబడి, రాత్రి తిన్న కంచాల దగ్గర్నుంచి కుక్కరు దాకా గంట సేపు నీళ్ళలో చేతులు పెట్టే మనిషి కుళాయికి ఆ గొట్టం రాదు.

మా ఎన్నారై బంధువులు డిసెంబరులో వస్తారు. వచ్చిన మొదటి రోజే "ఇల్లేమిటింత చల్లగా ఉంది" అంటారు. ఉండదూ మరి? పాలరాతి నేల, ఎత్తు కప్పు, గాలి ఆడే కిటికీలు... మన ఇళ్ళు ఎండాకాలం కోసం కట్టినవి. వాళ్ళ కోసం ఆయిల్ హీటరు కొన్నవాళ్ళు మా బ్లాకులోనే ముగ్గురున్నారు. అది 2000 వాట్లది. రాత్రి నాలుగు గంటలు పూర్తిగా తిరిగితే ఎనిమిది యూనిట్లు, 76 రూపాయలు. నేను చెప్పదలచుకున్నది ఆ హీటరు గురించి కాదు. అమెరికాలో వాళ్ళ ఇంట్లో నేలమాళిగలోనో గరాజులోనో ఒక పెద్ద వేణ్ణీళ్ళ ట్యాంకు ఉంటుంది. దానికే ఇంట్లోని కుళాయిలన్నీ. బాత్రూము తిప్పినా, వంటింటి సింకు తిప్పినా, బట్టలుతికే మిషను పెట్టినా ఆ నీళ్ళే. అక్కడ అంట్లు తోమేది కూడా ఇంటివాళ్ళే కదా, అందుకని సింకుకి వేడినీళ్ళు రావా అన్న ప్రశ్నే పుట్టదు.

మన దగ్గర అలా కాదు, బాత్రూముకొక గీజరు. పెద్ద పడగ్గదికి ఒకటి, పిల్లల గదికి ఒకటి, ఏడాదికి పది రోజులు కూడా ఎవరూ పడుకోని గెస్టు రూముకి ఒకటి. ఎవరికి వేడి కావాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది ఇల్లు కట్టేటప్పుడే రాసిపెట్టేశామన్నమాట. నాలుగు గీజర్లున్న ఫ్లాటులో యుటిలిటీ సింకుకి ఒక్క చన్నీళ్ళ కుళాయి. పనివాళ్ళ బాత్రూమంటూ సెల్లారులో ఒకటి కడతారు, దానికీ అంతే. బిల్డరు మర్చిపోయాడందామా? గెస్టు బాత్రూములో వేణ్ణీళ్ళు రాకపోతే తాళాలు తీసుకునేవాళ్ళమా మనం?

డిష్ వాషరు కొన్నవాళ్ళని అడగండి. ఆ మిషను నీళ్ళని తనే యాభై, అరవై, ఒక్కో ప్రోగ్రాములో డెబ్బై డిగ్రీల దాకా కాచుకుంటుంది. ఎందుకంటే నెయ్యీ నూనే చన్నీళ్ళకి వదలవు. ఇది తయారుచేసిన ఇంజనీర్లందరికీ తెలిసిన విషయమే. చలికి పేరుకుపోయిన పప్పుగిన్నె, పులుసు కళాయి, వేపుడు మూకుడు, ఇవన్నీ వేడి నీళ్ళుంటే కాసేపట్లో అయ్యే పని. చన్నీళ్ళతో అయితే పీచు పెట్టి రెట్టింపు సేపు రుద్దాలి, సబ్బు ఎక్కువ పడుతుంది, కడగడానికి నీళ్ళూ ఎక్కువే. మిషను "నేను చన్నీళ్ళతో తోమలేను" అంటే దానికి హీటరు పెట్టి లోపల బిగించారు. "మిషనుకి అలవాటైపోతుందిలే" అని ఎవరూ అనలేదు.

మనిషికి మాత్రం అంటాం. "వాళ్ళకి అలవాటేనండీ" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మమ్మ గురించి కూడా ఇదే అనేవారు. పెరట్లో రాగి కాగు కింద నాలుగింటికే లేచి పొయ్యి రాజేసేది ఆవిడే. పుల్లలు తడిస్తే ఊది ఊది కళ్ళు ఎర్రబడేవీ ఆవిడవే. ముందు తాతయ్య పోసుకోవాలి, తర్వాత మావయ్యలు, తర్వాత బడికెళ్ళే పిల్లలు. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి కాగు అడుగున గోరువెచ్చగా రెండు చెంబులు. అమ్మమ్మ చివరికి చన్నీళ్ళే పోసుకునేది. "మీ అమ్మమ్మకి చన్నీళ్ళే అలవాటే, వేణ్ణీళ్ళు పడవు" అని ఇంటిల్లిపాదీ నమ్మారు. తర్వాత ఇంట్లో గీజరు వచ్చింది. ఆ అలవాటు వారంలో పోయింది! ఆవిడ ఎంతసేపు స్నానం చేసేదో, బయట అందరూ తలుపు కొట్టే దాకా.

భాష చదువుకున్నదాన్ని కనుక మాటల మీదికి పోతుంది మనసు. "వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు" అంటాం. పెద్ద సంపాదనకి చిన్న సంపాదన సాయం అని. ఎవరి సంపాదన చన్నీళ్ళో మనకి తెలుసు. ఫిల్మ్ నగర్ వెనకున్న బస్తీల్లో, దీన్ దయాళ్ నగర్ లో, జ్ఞానీ జైల్ సింగ్ నగర్ లో, మగవాళ్ళు కొందరు లైట్లు మోయడానికో సెట్ పనికో వెళతారు. షూటింగు ఉన్న రోజే కూలి. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచమని సినిమా కార్మికులు రెండు వారాలకి పైగా పని ఆపేశారు, పేపర్లలో రోజూ చదివాం. స్టూడియోల్లో లైట్లు వెలగని ఆ రోజుల్లో చాలా ఇళ్ళు గడిచింది ఈ చన్నీళ్ళతోనే, మన ఇళ్ళలో అంట్లు తోమిన జీతాలతోనే. సామెతని ఎంత అక్షరాలా నిజం చేశామో చూడండి. ఆవిడ జీతమే కాదు, ఆవిడ చేతులు కూడా చన్నీళ్ళలోనే.

"మరి వాళ్ళింట్లో వేణ్ణీళ్ళుంటాయా? అక్కడ లేనిది ఇక్కడెందుకు?" అని ఒకావిడ అడిగింది నన్ను. అక్కడెందుకుండవో చెబుతాను, ఇది మనం బొత్తిగా పట్టించుకోని లెక్క.

మన తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన కరెంటు రేట్లు చూడండి. నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80. 200 యూనిట్లు సరిగ్గా వాడితే 820 రూపాయలు. అదే 201 వాడితే మొదటి 200కీ 5.10 చొప్పున పడుతుంది, 1020. ఆ ఒక్క యూనిట్ కి 7.70. మొత్తం 1027.70. ఇవి కాక ఫిక్స్ డ్ చార్జీలూ అవీ వేరే. ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల రూపాయల పైన పడిందన్నమాట. ఇక 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి వచ్చింది. తెల్లకార్డు ఉన్నవాళ్ళకి 200 లోపు అయితే సున్నా బిల్లు. దాటితే మాఫీ పోయి మొత్తం కట్టాలి. వాళ్ళకి ఆ 201వ యూనిట్ వెయ్యి రూపాయలు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ బకెట్లో పెట్టే రాడ్డు కొనుక్కుని కూడా డిసెంబరులో తీయదు. "రాడ్డు పెడ్తే మీటరు గిర్రున తిరుగుతదమ్మా. రెండొందలు దాటితే నా నెల జీతంల సగం పాయె" అంది. ఆవిడ లెక్క తప్పు పట్టండి చూద్దాం. 1500 వాట్ల రాడ్డు, ఇంట్లో నలుగురికి నాలుగు బకెట్లు, రోజుకి రెండు యూనిట్లు, నెలకి 60. ఫ్యాన్లూ టీవీ ఫ్రిజ్జూ కలిపి 150 వాడుకునే ఇంటికి ఆ 60 గీత దాటిస్తాయి. అందుకని చంటిపిల్లకీ ముసలి అత్తకీ మాత్రం మూడు రాళ్ళ పొయ్యి మీద సెంట్రింగ్ చెక్కముక్కలతో కాస్తుంది. నీళ్ళు కాగే ఖర్చుల పట్టికల్లో కట్టెల పొయ్యి దగ్గర సున్నా వేస్తారు కదా, ఆ సున్నాలో ఏరుకొచ్చే శ్రమా పొగా ఉన్నాయి. పిల్లల స్నానాలు కానిచ్చి, తను చన్నీళ్ళు పోసుకుని, గుట్ట ఎక్కి మన దగ్గరికి వచ్చేసరికి ఆరున్నర. ఆ వేళకి కేబీఆర్ పార్కులో నడవడానికి వెళ్ళే మనం చేతులకి ఉన్ని తొడుగులు వేసుకుంటాం. తప్పేం లేదు, చలి చలే. ఆవిడకీ అదే చలి.

యూనిట్ యూనిట్ కీ ఉలిక్కిపడాల్సిన ఇల్లు ఆవిడది. మనది 400 దాటిన శ్లాబు. మనకి గీత దాటే భయం లేదు, ఎప్పుడో దాటేశాం. ఇప్పుడు ఆ సింకు లెక్క చూడండి.

అంట్లకి స్నానమంత వేడి అక్కర్లేదు, 35 డిగ్రీలు చాలు. 20 లీటర్లు పదిహేను డిగ్రీలు పెంచడానికి 300 కిలో క్యాలరీలు. పోయేది పోగా 0.4 యూనిట్ అనుకోండి. రోజుకి 3.80. నవంబరు మధ్య నుంచి జనవరి నెలాఖరు దాకా 75 రోజులు, మొత్తం 285 రూపాయలు. చలికాలమంతటికీ! ఆయిల్ హీటరు ఒక్క రాత్రి ఖర్చు 76 అన్నాను కదా, దాంతో ఇరవై రోజుల అంట్లు తోమించొచ్చు. మా అబ్బాయి లాంటివాళ్ళు స్నానం చేసి గీజరు ఆపడం మర్చిపోతే, ఎవరూ కుళాయి తిప్పకపోయినా ఒంట్లో వేడి చల్లారకుండా అది తాగే కరెంటు రోజుకి అర యూనిట్ నుంచి యూనిట్ దాకా ఉంటుంది. అంటే అయిదు నుంచి తొమ్మిది రూపాయలు. మన మరుపు ఖరీదు కన్నా ఆవిడ వేణ్ణీళ్ళ ఖరీదు తక్కువ.

పెట్టుబడంటారా, మూడు లీటర్ల ఇన్ స్టంట్ గీజరు మూడు నాలుగు వేలకి దొరుకుతుంది. 3000 వాట్లది కనుక 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగు సరిగా ఉండాలి, తడి చేతుల చోటు కాబట్టి దీంట్లో బేరాలాడొద్దు. సింకు పక్కనే బిగిస్తే నిమిషానికి మూడు లీటర్ల లోపు వెచ్చని ధార వస్తుంది, అంట్లకి అదే ఎక్కువ. వంటింటి గోడకి అవతల బాత్రూమూ గీజరూ ఉంటే ఇంకా సుఖం, ఒక టీ వేసి గొట్టం ఇవతలికి లాగితే సరి. మా ఇంట్లో అలాగే చేయించాం. ప్లంబరు "సింకుకెందుకమ్మా, పనామె వాడేస్తది" అన్నాడు. అందుకే అన్నాను.

ఇక "ఇవాళ వేణ్ణీళ్ళిస్తే రేపు ఇంకోటి అడుగుతారు, నెత్తికెక్కుతారు" అనేవాళ్ళున్నారు. అడిగితే అడగనివ్వండి. అడగడం వాళ్ళ ఇష్టం, ఇవ్వడం మానడం మనిష్టం. మనం మాత్రం అత్తగారింట్లో అడక్కుండా ఏం సంపాదించుకున్నాం? వేరే కాపురం అడిగాం, మిక్సీ అడిగాం, గీజరు కూడా అడిగే పెట్టించుకున్నాం. అప్పుడు మన గురించీ ఎవరో ఈ మాటే అనుంటారు.

నీళ్ళు వృథా అవుతాయన్న అభ్యంతరంలో కాస్త నిజముంది. ఎక్కడో దూరంగా ఉన్న గీజరు నుంచి గొట్టం లాగితే, వేడి వచ్చేలోపు రెండు మూడు లీటర్లు చన్నీళ్ళు పోతాయి. ట్యాంకరు కొనుక్కునే మన కొండ మీద ఇది చిన్న విషయం కాదు. అయితే దీని మందు కింద ఒక బకెట్ పెట్టడం. ఆ నీళ్ళు మొదటి విడత నానబెట్టడానికి పనికొస్తాయి. స్నానాల గదుల్లోనూ ఇదే వృథా రోజూ అవుతోంది, అక్కడెవరూ బకెట్ పెట్టమనరే!

ఇంకొకటుంది, దీనికే నాకు ఎక్కువ కోపం. "నేను దయగలదాన్ని, చలికాలం ఆవిడకి వేడి టీ ఇస్తాను" అనే మాట. ఇవ్వండి, మంచిదే. కానీ టీ అయిదు నిమిషాలు. అది మన మంచితనంగా మన ఖాతాలో పడుతుంది. కుళాయిలో వచ్చే వేణ్ణీళ్ళు ఎవరి మంచితనమూ కాదు. తిప్పితే వస్తాయి, మనం ఊళ్ళో లేకపోయినా వస్తాయి, మనకి కోపం వచ్చిన రోజున కూడా వస్తాయి. బహుశా అందుకేనేమో మనకి టీ ఇవ్వడం తేలిక.

ఎవరింటి సింకు వాళ్ళిష్టం సరే, మా సెల్లారు బాత్రూము పన్నెండు ఫ్లాట్ల ఉమ్మడిది. వాచ్ మన్ కుటుంబం వాడుకునేది అదే. మొన్నటి అసోసియేషన్ మీటింగులో నేనొక కాగితం పెట్టాను. అక్కడొక పదిహేను లీటర్ల గీజరు, రోజుకి మూడు బకెట్లు, యూనిట్ న్నర కరెంటు. యూనిట్ కి పది వేసుకున్నా రోజుకి 15, ఫ్లాటుకి రూపాయి పావలా. ఇది చదివి వినిపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత లిఫ్టులో అద్దం మార్చే సంగతి మొదలైంది, దానికి వెంటనే ఒప్పుకున్నారు. గీజరు విషయం సంక్రాంతి తర్వాత జనరల్ బాడీలో పెడదామని మినిట్స్ లో రాశారు. నేను లేచి, సంక్రాంతి తర్వాత చలే ఉండదు, ఈ నెలలోనే ప్రత్యేక సమావేశం పెట్టాలి అన్నాను. దానికి మా నిబంధనల ప్రకారం నాలుగు ఫ్లాట్ల సంతకాలు కావాలట. ఇప్పటికి రెండు వచ్చాయి, నాదీ, మూడో అంతస్తులో ఒక పెద్దావిడదీ. రేపు మళ్ళీ తలుపులు కొట్టడానికి వెళుతున్నాను.